పరుగెత్తే పాదం - మడమ మొర

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల వేదిక మీద నిలబడినప్పుడు భాషను గురించో, విద్యను గురించో ప్రసంగించడం సముచితం. అందుకు నాకన్న అర్హులైన పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను ఎముకల వైద్యుణ్ణి. నాకు తెలిసిన విద్య ఎముకలు, కీళ్లు, వాటిని పట్టి ఉంచే నార పట్టీలు. నిర్వాహకులు మాట్లాడమని కోరినప్పుడు ఈ బడికి అత్యంత సన్నిహితమైన అవయవం ఏదా అని ఆలోచించాను. తల అని మీరంటారు. నాకు పాదమే తోచింది. అంచెట్టి చుట్టుపక్కల కొండ పల్లెల నుండి, అడవి అంచున ఉన్న గుడిసెల నుండి, వంకలు దాటించి, ముళ్లదారులు తప్పించి మమ్మల్ని ఈ బడి గడపకు చేర్చింది పాదమే. మాలో చాలామందికి ఆనాడు కాళ్లకు మెట్లు కూడా లేవు.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి మరొక కారణం ఉన్నది. మా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. అతని పేరు చెప్పను. ఈ సభలోనే ఎక్కడో కూర్చుని ఉన్నాడు. పరుగులో అతణ్ణి అందుకోగలిగినవారు మా ఈడు పిల్లలలో లేరు. ఎనిమిదవ తరగతిలో ఉండగా ఆటల పోటీలకు ముందు అతనికి రెండు మడమలూ నొప్పి పుట్టాయి. మునివేళ్ల మీద కుంటుతూ నడిచేవాడు. చూడబోతే వాపు లేదు, గాయం లేదు, ముల్లు లేదు. "ఓడిపోతానని భయపడి నాటకమాడుతున్నాడు" అని మొదట అన్నది అతని స్నేహితులమైన మేమే. ఆ మాట అతని చెవిన పడింది. అతడు ఆ ఏడాది పరుగెత్తలేదు. ఆ తరువాత మరెన్నడూ పరుగెత్తలేదు.

వైద్యకళాశాలలో పిల్లల ఎముకల పాఠం వింటున్న రోజున నాకు అతడు గుర్తుకు వచ్చాడు. అతనిది నాటకం కాదని, దానికొక పేరున్నదని, కొన్ని వారాలు పరుగు తగ్గించి ఉంటే నయమయ్యేదని అప్పుడు తెలిసింది. మందు కూడా అక్కరలేని ఒక బాధ ఒక మంచి పరుగుగాణ్ణి మైదానానికి దూరం చేసింది. అటువంటిది ఈ బడిలో మరొక బిడ్డకు జరుగకూడదని ఈ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

పాదమనే విల్లు

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. ఇవన్నీ బల్లపరుపుగా పేర్చినవి కావు. వంతెన కమానులాగా కట్టినవి. తడికాలితో నేల మీద అడుగు వేసి చూడండి. మడమ ముద్ర, వేళ్ల మొదళ్ల ముద్ర పడతాయి. లోపలి వైపు నడుమ భాగం పడదు. అదే పాదపు కమాను.

రాతి కమాను కదలదు. పాదపు కమాను బరువు పడినప్పుడు కొంచెం అణగి, బరువు తొలగగానే మళ్లీ లేస్తుంది. దీనిని విల్లుతో పోల్చవచ్చును. ఎముకలు వింటి కర్ర. అరికాలి చర్మం క్రింద మడమ ఎముక నుండి అయిదు వేళ్ల మొదళ్ల వరకు సాగే దట్టమైన నార పట్టీ వింటినారి. దీనినే వైద్యులు ప్లాంటార్ ఫేషియా అంటారు. మనం అరికాలి పట్టీ అనుకుందాం. మడమ ఎముక అడుగున, లోపలి వైపు ఉన్న చిన్న బుడిపె దగ్గర ఇది మొదలవుతుంది. నొప్పి సాధారణంగా పుట్టేది కూడా అక్కడే.

ఈ పట్టీ చేసే మరొక పనిని 1954లో హిక్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించాడు. బావి గిలక మీద చేంతాడు చుట్టుకున్నట్లు, బొటనవేలు పైకి వంగినప్పుడు ఈ పట్టీ వేలి మొదటి ఎముక గుండు చుట్టూ తిరిగి బిగుసుకుంటుంది. పట్టీ బిగియగానే మడమ, వేళ్ల మొదళ్లు దగ్గరకు వస్తాయి, కమాను పైకి లేస్తుంది, పాదం గట్టి కర్రలాగా మారుతుంది. ఆ గట్టిదనం ఉంటేనే మనం నేలను వెనక్కు తన్ని ముందుకు దూకగలం. ఇంటికి వెళ్లిన తరువాత మీ పిల్లవాణ్ణి నిలబెట్టి అతని బొటనవేలిని మీ చేత్తో మెల్లగా పైకెత్తి చూడండి. అతడేమీ ప్రయత్నించకుండానే కమాను లేవడం మీ కళ్లకు కనిపిస్తుంది.

అడుగు మోపినప్పుడు మెత్తగా అణగడం, అడుగు ఎత్తినప్పుడు గట్టిగా నిలవడం - ఈ రెండు విరుద్ధమైన పనులను ఒకే పాదం ఒక్క క్షణంలో చేస్తున్నది. 1987లో కెర్ మొదలైన శాస్త్రజ్ఞులు పాదాలను యంత్రంలో పెట్టి నొక్కి చూసి, పరుగులో ప్రతి అడుగుకూ శరీరం కోల్పోయి తిరిగి పొందవలసిన శక్తిలో సుమారు 17 శాతాన్ని ఈ కమానే దాచి తిరిగి ఇస్తున్నదని, పిక్క క్రింది లావుపాటి స్నాయువు సుమారు 35 శాతం ఇస్తున్నదని లెక్క కట్టారు. అంటే మన పరుగు సత్తువలో సగం తొడలదీ పిక్కలదీ కాదు. ఈ సాగే నారలది.

బరువు లెక్క

నడిచేటప్పుడు పాదం మీద పడే బరువు మన శరీరపు బరువు కంటె కొంచెమే ఎక్కువ. పరుగులో అది రెండున్నర రెట్ల దాకా పోతుంది. 50 కిలోల పిల్లవాడు 10 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారుగా పదివేల అడుగులు పడతాయి. ఒక్కొక్క పాదానికి అయిదు వేలు. అడుగుకు 125 కిలోల చొప్పున కూడితే ఆరు లక్షల ఇరవై అయిదు వేల కిలోలు. నూరు కిలోల రాగి మూటలైతే 6250 మూటలు! ఒక్క పూట పరుగులో ఒక్క పాదం మోసే బరువు అది.

ఇంత బరువు మోయడం పాదానికి అసాధ్యం కాదు, అలవాటుపడితే మోయగలదు. చిక్కంతా అలవాటుపడే వేగంలో ఉన్నది. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాలకే గుండె, ఊపిరితిత్తులు, కండరాలు బలపడతాయి. నార పట్టీలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గిందని పిల్లవాడు దూరం పెంచుతాడు. ఊపిరి సరేనంటుంది, పిక్క సరేనంటుంది, పట్టీ మాత్రం ఇంకా సిద్ధం కాలేదు. మడమ బుడిపె దగ్గర నారలు సన్నసన్నగా చిట్లడం మొదలవుతుంది. రాత్రి విశ్రాంతిలో అతుక్కోబోయిన నారలను ఉదయం మొదటి అడుగు మళ్లీ లాగుతుంది. అందుకనే ఈ నొప్పి పడక దిగిన మొదటి అడుగులలో సూదితో పొడిచినట్లుండి, పది అడుగులు నడిచేసరికి తగ్గి, సాయంత్రానికి మళ్లీ తిరుగబెడుతుంది. దీని పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. మన పల్లెలలో గుదికాలి నొప్పి అంటారు. సుశ్రుతుడు తన సంహితలో పాదం ఎగుడుదిగుడుగా మోపడం వలన కలిగే ఇటువంటి బాధను వాతకంటకమని పేర్కొన్నాడు. కంటకమంటే ముల్లు. ముల్లు గుచ్చుకున్నట్లుండే నొప్పికి అంతకన్న తగిన పేరు లేదు.

ఈ బాధ పరుగుగాళ్లకే పరిమితం కాదు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సుమారు పదిమందిలో ఒకరికి వస్తుందని అంచనా. హోసూరు కర్మాగారాలలో ఎనిమిది గంటలు సిమెంటు నేల మీద నిలబడేవారు, వంటింటి రాతిబండల మీద రోజంతా తిరిగే తల్లులు, గంటల తరబడి నిలిచి పాఠం చెప్పే ఉపాధ్యాయులు, శరీరం బరువెక్కినవారు - అందరూ దీని బారిన పడతారు. చీలమండ పైకి సరిగా వంగకపోవడం, అంటే పిక్క బిగుసుకొని ఉండడం, దీనికి ముఖ్యమైన కారణాలలో ఒకటని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది.

మా వైద్యుల పొరపాట్లు

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన తప్పును కూడా ఒప్పుకొంటాను. వైద్యం మొదలుపెట్టిన తొలి రోజులలో నేను మడమ నొప్పి అని వచ్చిన ప్రతివారికీ ఎక్స్‌రే తీయించి, మడమ ఎముక క్రింద పొడుచుకు వచ్చిన ముక్కును చూపి, "ఎముక ముల్లు పెరిగింది" అని చెప్పేవాణ్ణి. వారు భయపడేవారు. కాలు నేల మీద మోపితే ఆ ముల్లు మాంసంలో దిగుతుందని ఊహించుకొని ఇంటి పనులు కూడా మానుకొన్నవారున్నారు. నిజానికి ఏ నొప్పీ లేని ఎందరి మడమలలోనో ఆ ముక్కు ఉంటుంది. తీవ్రమైన నొప్పి ఉన్న ఎందరిలోనో ఉండదు. నొప్పికి మూలం ముల్లు కాదు, పట్టీ.

రెండవ పొరపాటు, దీనిని వాపు జబ్బు అనుకోవడం. 2003లో లెమాంట్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు 50 మంది రోగుల పట్టీ ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. వాపు లక్షణాలు కనిపించలేదు. నారలు నలిగి శిథిలమైన గుర్తులే కనిపించాయి. నలిగిన త్రాడును వాపు తగ్గించే మాత్రలు ఎంతవరకు బాగుచేయగలవు? స్టిరాయిడ్ సూదిమందు కొన్ని వారాలు హాయినిస్తుంది. అయితే మాటిమాటికీ పొడిపించుకుంటే పట్టీ తెగిపోయే ప్రమాదం ఉన్నది. పందెం రేపనగా సూదిమందు వేయించుకొని పరుగెత్తాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఉత్త కాళ్లా, బూట్లా?

తల్లిదండ్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. దీనికి మన దక్షిణ దేశంలోనే జరిగిన ఒక మంచి పరిశోధన ఉన్నది. కర్ణాటకలోని కస్తూర్బా వైద్యకళాశాల వైద్యులు ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ గారలు 2300 మంది పిల్లల పాదముద్రలను పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. పాదరక్షలు తొడిగే పిల్లలలో 8.6 శాతం మందికి కమాను లేని చదును పాదాలుండగా, ఉత్త కాళ్లతో తిరిగే పిల్లలలో 2.8 శాతం మందికే ఉన్నాయి. మూసిన బూట్లు తొడిగేవారిలో ఎక్కువ, చెప్పులు వేసుకొనేవారిలో తక్కువ. మట్టిలో, ఇసుకలో, గడ్డిలో వేళ్లు చాపి తిరిగిన పాదం కమాను చక్కగా కట్టుకొంటుందని దీనివలన తెలుస్తున్నది. మా బాల్యంలో బీదరికం వలన దొరికిన మేలు అది.

అంతమాత్రాన బూట్లన్నీ మూలబెట్టండని నేననను. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా వీరుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతో గెలిచాడని అందరూ చెప్పుకొంటారు. 1964లో టోక్యోలో అదే బికిలా బూట్లు తొడిగి, అంతకంటె తక్కువ కాలంలో మళ్లీ గెలిచాడన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గెలిపించినది ఏండ్ల తరబడి చేసిన అభ్యాసం. మన దేశంలో శివనాథ్ సింగ్ ఉత్త కాళ్లతో దూరపు పరుగులు పరుగెత్తి పేరు గడించాడు. 1978లో అతడు 2 గంటల 12 నిమిషాలలో ముగించిన మారథాన్ దశాబ్దాల పాటు జాతీయ రికార్డుగా నిలిచింది.

ఉత్త కాళ్లతో పరుగెత్తే అలవాటున్నవారు చాలావరకు పాదం ముందు భాగాన్ని మొదట మోపుతారని, బూట్లవారు ఎక్కువగా మడమను మొదట మోపుతారని 2010లో లీబర్‌మన్ బృందం ప్రకటించింది. ముందు భాగం మోపితే మడమకు అదురు తగ్గుతుంది, పిక్కకు, పట్టీకి పని పెరుగుతుంది. అందువలన ఒక అలవాటు నుండి మరొక అలవాటుకు హఠాత్తుగా మారడమే ప్రమాదం. పదమూడేండ్లు ఉత్త కాళ్లతో తిరిగిన పిల్లకు పోటీ నాడు కొత్త బూట్లు తొడిగించడం ఎంత తప్పో, బూట్ల పిల్లవాణ్ణి ఒక్కసారిగా గట్టి నేల మీద ఉత్త కాళ్లతో పరుగెత్తించడం అంతే తప్పు. మార్పునకు వారాలు ఇవ్వండి. ముళ్లు, గాజుపెంకులు, మలినమైన నేలలోని కొంకిపురుగు - వీటి నుండి రక్షణకు మామూలుగా తిరిగేటప్పుడు చెప్పులు అవసరమే.

పిల్లల మడమ వేరు

ఉపాధ్యాయ మిత్రులు ఈ భాగాన్ని శ్రద్ధగా వినాలని ప్రార్థన. ఎనిమిది నుండి పధ్నాలుగేండ్ల లోపు పిల్లవాడు మడమ నొప్పి అంటే అది సాధారణంగా ఇంతవరకు చెప్పిన పట్టీ జబ్బు కాదు. ఆ వయసులో మడమ ఎముక వెనుక భాగం ఇంకా ముదరలేదు. మృదులాస్థి పొర మీద పెరుగుతూ ఉంటుంది. పిల్లవాడు ఒక్కసారిగా పొడుగు సాగే కాలంలో ఎముక ముందు పెరిగి, పిక్క వెనుకబడి బిగుసుకుంటుంది. పరుగులో ఆ పిక్క స్నాయువు లేత ఎముకను లాగి లాగి నొప్పి పుట్టిస్తుంది. దీనిని సెవర్ వ్యాధి అంటారు. నా మిత్రునికి వచ్చినది ఇదే.

గుర్తించడం సులభం. మడమను రెండు ప్రక్కల నుండి వేళ్లతో నొక్కితే పిల్లవాడు ఉలిక్కిపడతాడు. వాపు కనిపించదు. పరుగు, దూకుడు తగ్గిస్తే నొప్పి తగ్గుతుంది. ఎముక ముదిరిన తరువాత శాశ్వతంగా పోతుంది. చేయవలసినదల్లా కొన్ని వారాలు పరుగు తగ్గించడం, మడమ క్రింద మెత్తని అట్ట పెట్టడం, పిక్కలను మెల్లగా సాగదీయడం, అన్నింటికన్న ముందు బిడ్డ మాటను నమ్మడం.

అయితే మడమ ఎర్రబడినా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, అడుగే మోపలేకపోయినా వెంటనే వైద్యునికి చూపించాలి. పెద్దలలో రెండు మడమల నొప్పితో పాటు ఉదయం నడుము పట్టేస్తే, అరికాలు మంట, తిమ్మిరి ఉంటే, దూరపు పరుగులవారికి రోజురోజుకు నొప్పి పెరిగిపోతుంటే అది వేరే జబ్బు కావచ్చును. మడమ ఎముకలో వెంట్రుకవాసి పగులు కూడా కావచ్చును.

చేయదగిన పనులు

పట్టీ నొప్పికి వైద్యం చాలావరకు మన చేతులలోనే, సరిగా చెప్పాలంటే మన కాళ్లలోనే, ఉన్నది.

మొదటిది: ఉదయం పడక దిగకముందే, నొప్పి కాలిని రెండవ మోకాలి మీద వేసుకొని, వేళ్లను చేత్తో ముంగాలి వైపు వంచి పది లెక్క పెట్టేవరకు పట్టుకోవాలి. ఇట్లా పది మార్లు. రోజుకు మూడు పర్యాయాలు. పట్టీనే సాగదీసే ఈ పద్ధతి, పిక్కను మాత్రమే సాగదీయడం కంటె మేలని 2003లో డిజియోవానీ బృందం నిరూపించింది.

రెండవది: మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, వేళ్ల క్రింద చుట్టిన తువాలు పెట్టుకొని, మూడు లెక్కలలో మడమలు పైకెత్తి, రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కలలో దించాలి. ఒక రోజు విడిచి ఒక రోజు చేయాలి. నాలుగైదు వారాలలో క్రమంగా వీపున బరువు పెంచుకోవాలి. తువాలు ఎందుకో మీరే ఊహించగలరు - బొటనవేలు పైకి వంగి, గిలక మీద పట్టీ బిగియడానికి. 2014లో డెన్మార్కు పరిశోధకుడు రాత్‌లెఫ్, ఆయన సహచరులు ఈ వ్యాయామం చేసినవారు మూడు నెలలకు, కేవలం సాగదీసినవారి కంటె బాగా కోలుకొన్నారని చూపించారు.

మూడవది: పరుగును పూర్తిగా మానక, తగ్గించాలి. కొలబద్ద ఒకటే. నేటి పరుగు తరువాత రేపటి ఉదయం మొదటి అడుగు నొప్పి ఎక్కువైతే నేటి పరుగు ఎక్కువైనట్లు. కనుమ దారిలో ఎగువకు పరుగెత్తడం పిక్కకు, పట్టీకి కఠినం. కొన్నాళ్లు చదును మట్టినేల మీదనే సాధన చేయాలి.

నాలుగవది ఓర్పు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి శస్త్రచికిత్స లేకుండానే ఏడాది లోపల నయమవుతుంది. కాని నెలలు పడుతుంది. పది రోజులలో పోగొడతామనే ప్రకటనలను నమ్మకండి.

మన ఇండ్లలో వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరచి మడమకు కాపడం పెట్టే అలవాటున్నది. వెచ్చదనం హాయినిస్తుంది, నేను కాదనను. మధుమేహం ఉన్నవారు మాత్రం ఆ పని చేయకూడదు. స్పర్శ మొద్దుబారిన పాదం కాలినా వారికి తెలియదు. మనకు దగ్గరి వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే వైద్యుడు కుష్ఠు రోగుల పాదాలను పరిశీలించి, నొప్పి తెలియకపోవడమే వారి పాదాలను పాడుచేస్తున్నదని లోకానికి చాటాడు. నొప్పి మనకు శత్రువు కాదని నాకు నేర్పినది ఆయన రచనలే.

పాఠశాలకు విన్నపం

చివరగా మూడు విన్నపాలు. ఆటల పోటీలకు పదిహేను రోజుల ముందు సాధన మొదలుపెట్టి రోజూ పరుగెత్తించే ఆచారాన్ని మార్చి, రెండు మూడు నెలల ముందే వారానికి మూడు రోజులు, కొద్ది కొద్దిగా దూరం పెంచుతూ పరుగెత్తించండి. సైన్యంలో చేరదలచి 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే మన యువకులకు కూడా ఇదే మాట. రెండవది, ఆలస్యంగా వచ్చిన పిల్లలకు మైదానం చుట్టూ పరుగును శిక్షగా విధించకండి. పరుగు వారికి ఆనందంగానే మిగలాలి. మూడవది, సిమెంటు ఆవరణ పెరిగిపోతున్న ఈ రోజులలో పిల్లలు ఉత్త కాళ్లతో ఆడుకొనేందుకు కొంత మట్టి నేలను కాపాడండి.

విశాఖపట్నం బిడ్డ జ్యోతి యర్రాజి 2022లో నూరు మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపల ముగించిన మొదటి భారతీయ మహిళగా నిలిచింది. వరంగల్లు ప్రాంతపు పల్లెలో పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. అటువంటి బిడ్డలు అంచెట్టి కొండలలో లేరని ఎవరనగలరు? ఉన్నారు. ఒకణ్ణి నేను ఎరుగుదును. అతడు ఇప్పుడు తన మనుమరాలిని వెంటబెట్టుకొని ఈ సభకు వచ్చాడు. ఆ పాప నిన్నటి పోటీలలో పరుగెత్తింది. ఏ స్థానంలో వచ్చిందో నేను అడగలేదు. మడమ నొప్పి ఏమైనా ఉన్నదా అమ్మా అని మాత్రం అడిగాను. లేదని తల ఊపి మళ్లీ మైదానంలోకి పరుగెత్తింది.

ఎన్నడైనా ఆ పాప నొప్పి అని చెబితే మీరందరూ నమ్ముతారని ఆశిస్తూ, నా పాత మిత్రునికి ఈ సభాముఖంగా క్షమాపణ చెప్పుకొంటూ, సెలవు తీసుకొంటున్నాను.